ఏఎస్ ఉన్న ఒంటికి మర్దన: ఎక్కడ చేయాలి, ఎక్కడ చేయకూడదు

(మే నెల మొదటి శనివారం, ప్రపంచ ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ దినం నాడు విజయవాడలో పేషెంట్లు, వాళ్ల కుటుంబ సభ్యులు, ఫిజియోథెరపీ విద్యార్థుల ముందు ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం. చివర్లో కొన్ని ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. ఎండ ఇంత మండిపోతున్నా వచ్చారు, చాలా సంతోషం. ముందుగా ఒక మాట. ఎవరూ కుర్చీలో కదలకుండా కూర్చోనక్కర్లేదు. అరగంట కూర్చుంటే నడుం బిగుసుకుపోయే జబ్బు ఇది. దాని గురించి చెబుతూ మిమ్మల్ని గంటసేపు కూర్చోబెట్టడం న్యాయం కాదు. లేవండి, గోడకి ఆనుకుని నిలబడండి, వెనక అటూ ఇటూ నడుస్తూ వినండి.

నన్ను మసాజ్ గురించి మాట్లాడమన్నారు. ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే మనమంతా ఏఎస్ అనే ఈ జబ్బు ఉన్నవాళ్లు మసాజ్ చేయించుకోవచ్చా? దాదాపు ప్రతి పేషెంటూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడుగుతారు. డాక్టరు గదిలో అడగడానికి మొహమాటపడతారు. ఫిజియోథెరపీకి వచ్చి రెండు మూడు రోజులు అలవాటయ్యాక నెమ్మదిగా బయటపెడతారు. "మేడమ్, మా ఊళ్లో ఒకాయన నూనె రాసి నడుం బాగా తీస్తాడట, వెళ్లొచ్చా?" అని.

జవాబు ముందే చెప్పేస్తాను. మర్దన చేయించుకోవచ్చు. కానీ కండరానికి చేయించుకోండి, వెన్నుకు వద్దు. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది. ఈ తేడా తెలియక మెడ విరిగి, కాళ్లూ చేతులూ పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి దీన్ని వివరంగా చెప్పుకుందాం.

జబ్బు గురించి మీలో చాలామందికి తెలుసు. కొత్తవాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. మన శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే తిరగబడి, స్నాయువులు ఎముకకి అతుక్కునే చోట వాపు పుట్టిస్తుంది. చాలామందిలో ఇది నడుం కింద, పిర్రల లోపల ఉండే సాక్రోఇలియాక్ కీళ్ల దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి వెన్ను మీదుగా పైకి పాకవచ్చు. ఆ వాపు మానే క్రమంలో కొత్త ఎముక పుడుతుంది. అలా ఏళ్ల తరబడి జరిగితే వెన్నుపూసల మధ్య వంతెనలు కట్టినట్టై, కొందరిలో వెన్నంతా ఒకే ఎముకగా మారిపోతుంది. ఎక్స్‌రేలో అది వెదురు గడలా కనబడుతుందని డాక్టర్లు బాంబూ స్పైన్ అంటారు. అయితే వెదురు వంగుతుంది, ఈ వెన్ను వంగదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇది ముసలివాళ్ల జబ్బు కాదు. ఎక్కువమందికి 20ల్లోనే మొదలవుతుంది, 45 దాటాక కొత్తగా రావడం అరుదు. ఈ నొప్పికి ఒక స్వభావం ఉంది. మామూలు నడుం నొప్పి పడుకుంటే తగ్గుతుంది, ఇది పడుకుంటే పెరుగుతుంది. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకి నిద్ర లేపేస్తుంది. పొద్దున్నే లేచాక అరగంట, గంట సేపు ఒళ్లు స్వాధీనంలో ఉండదు. అటూ ఇటూ నడిచి, వేడినీళ్లు పోసుకున్నాక మనిషి మళ్లీ మనిషవుతాడు. ఒక వారం కుడి పిర్ర, ఇంకో వారం ఎడమ పిర్ర నొప్పి పుడుతుంది. మూడు నెలలు దాటి ఇలా ఉంటే రుమటాలజిస్టుకి, అంటే కీళ్లవాతాల డాక్టరుకి చూపించుకోవాలి. మసాజ్ సంగతి ఆ తర్వాత.

ఇది గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ జబ్బు బయటపడటానికి ప్రపంచంలో అన్నిచోట్లా ఏళ్లే పడుతోంది. తొలిరోజుల్లో ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది, మార్పు కనబడాలంటే ఎంఆర్ఐ తీయాలి. మన దగ్గరైతే ఆ ఏళ్లన్నీ ఎలా గడుస్తాయో మీకే తెలుసు. డిస్క్ అంటారు, సయాటికా అంటారు, బైకు మీద ఎక్కువ తిరుగుతున్నావంటారు, పరుపు మార్చమంటారు. ఆడపిల్లలకైతే ఇంకా అన్యాయం. సిజేరియన్ అప్పుడు వెన్నులో ఇచ్చిన మత్తు సూది వల్లే ఈ నొప్పి అని ఇంట్లో అందరూ తీర్మానించేస్తారు. బాలింతకి నూనె పట్టించి మర్దన చేస్తారు, ఆ పూటకి హాయిగా ఉంటుంది, మర్నాడు తెల్లవారుజామున మళ్లీ అదే నొప్పి. ఈ జబ్బు మగవాళ్లదే అని చాలాకాలం అనుకున్నారు. ఎక్స్‌రేలో మార్పు రాని తొలిదశ వాళ్లని కూడా కలిపి చూస్తే ఆడవాళ్లకీ మగవాళ్లకీ పెద్ద తేడా లేదని ఇప్పుడు తెలుసు. మర్దనతో ఆ పూట గడిచిపోవడమే అసలు పరీక్షలు వాయిదా పడటానికి కారణమవుతుంటే, అలాంటి మర్దన మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

మరి మర్దన వల్ల హాయిగా ఎందుకుంటుంది? అది భ్రమ కాదు. లోపల కీలు నొప్పి పుడుతుంటే దాన్ని కదలనివ్వకుండా చుట్టూ ఉన్న కండరాలు బిగదీసుకుంటాయి. నడుం పక్క కండరాలు, పిర్రలు, తొడ వెనక నరాలు అని మనం అనే హామ్‌స్ట్రింగ్ కండరాలు, తొడ ముందు భాగం, మెడా భుజాల మధ్య ఉండే కండరం. అన్నీ రాత్రీ పగలూ డ్యూటీ చేస్తూనే ఉంటాయి. అలసిపోయిన కండరం తన నొప్పి తాను మొదలుపెడుతుంది. వెన్ను ముందుకి వంగుతున్నకొద్దీ ఛాతీ కండరాలు కురచ అవుతాయి, వీపు కండరాలు సాగిపోయి నొప్పి పెడతాయి. అంటే ఏఎస్ ఉన్న మనిషి మోసే నొప్పిలో ఒక భాగం వాపుది, ఇంకో భాగం కండరాలది. మర్దన ఈ రెండో భాగాన్ని తగ్గిస్తుంది. నిద్ర పడుతుంది, టెన్షన్ తగ్గుతుంది. ఏళ్ల తరబడి నొప్పితో బతికే మనిషికి ఒక రాత్రి సరైన నిద్ర అంటే చిన్న విషయం కాదు. మసాజ్ అంటే విలాసం అనీ, మూఢనమ్మకం అనీ తీసిపారేసే డాక్టర్లతో నేను ఏకీభవించను.

కానీ మొదటి భాగాన్ని మర్దన తాకలేదు. సాక్రోఇలియాక్ కీలు ఒంట్లో చాలా లోతున, మందపాటి స్నాయువుల వెనక ఉంటుంది. ఎంత బలమైన బొటనవేలైనా అక్కడికి చేరి వాపుని తీసేయలేదు. వెన్ను అతుక్కుపోకుండా మర్దన ఆపుతుందని చెప్పే ఆధారం ఏదీ లేదు. ఆ పని మందులది, వ్యాయామానిది. నొప్పి బిళ్లలు చాలకపోతే ఒంట్లో వాపు రేపే పదార్థాలని అడ్డుకునే బయాలజికల్ ఇంజెక్షన్లు ఉన్నాయి. వాటిలో టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్లు ఉన్నాయి, ఐఎల్-17ని అడ్డుకునేవి ఉన్నాయి, ఈమధ్య నోటితో వేసుకునే జాక్ అనే రకం మందులూ వచ్చాయి. ఎవరికి ఏది అన్నది మీ రుమటాలజిస్టు చూస్తారు.

పరిశోధనలు ఏమంటున్నాయని విద్యార్థులు అడుగుతారు. నిజానికి చాలా తక్కువే ఉన్నాయి. 2017లో పోలండ్ పరిశోధకులు ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. ఏఎస్ ఉన్న మగవాళ్లని, 30 మంది కూడా లేరు, రెండు గుంపులు చేసి రెండు రకాల మసాజ్ పది సార్లు చేశారు. నొప్పి తగ్గిందన్నారు. ఆశ కలిగించే ఫలితమే. కానీ అసలు మసాజ్ చేయించుకోని గుంపు అందులో లేదు, కాబట్టి ఎంత తగ్గుదల మసాజ్‌ది, ఎంత కాలం తెచ్చిన మార్పు అని తేల్చలేం. ఇక అమెరికా రుమటాలజీ కాలేజీ, అక్కడి స్పాండిలైటిస్ సంఘాలు కలిసి 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. ఫిజికల్ థెరపీ తప్పకుండా చేయించమన్నాయి. అందులోనూ మంచం మీద పడుకోబెట్టి మనం చేసే మసాజ్, కాపడం, అల్ట్రాసౌండ్ లాంటి వాటి కన్నా పేషెంటు తానుగా చేసే వ్యాయామానికే మొగ్గు చూపాయి. నా అనుభవం కూడా అదే చెబుతుంది. మంచం మీద పడుకుని చేయించుకునే వైద్యానికి అలవాటు పడ్డ పేషెంటు, లేచి చేసుకోవాల్సిన వైద్యానికి దూరమైపోతాడు.

అందుకే మర్దనని నేను వ్యాయామానికి ముందు పెడతాను. మర్దన అయ్యాక కాసేపు కండరాలు మెత్తబడి, నొప్పి తగ్గి ఉంటుంది. ఆ సమయం బంగారం. దాన్ని నిద్రపోవడానికి వాడుకోకండి. మెడ పక్కకి తిరిగేవాళ్లయితే అప్పుడే బోర్లా పడుకోండి, పదిహేను ఇరవై నిమిషాలు. అప్పుడే తలుపు చట్రం రెండు వైపులా చేతులు ఆనించి ఛాతీని ముందుకి తెరవండి. గోడకి మడమలు, పిర్రలు, భుజాలు ఆనించి నిలబడి తల వెనక్కి ఎంతవరకు వస్తుందో చూసుకోండి. గుండె నిండా గాలి పీల్చండి. మామూలు మనిషి గాలి పీల్చినప్పుడు ఛాతీ చుట్టుకొలత 5 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఏఎస్‌లో పక్కటెముకలు వెన్నుకి అతికే కీళ్లు బిగుసుకుంటే అది 2.5 కన్నా తగ్గిపోవచ్చు. పక్కటెముకల మధ్య వేళ్లతో మెల్లగా, పేషెంటు శ్వాసకి అనుగుణంగా రాసి, వెంటనే లోతైన శ్వాసలు తీయిస్తే బాగుంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మర్దన అదే.

ఇప్పుడు ప్రమాదం సంగతి. ఇక్కడ మాత్రం దయచేసి అందరూ వినండి.

ఏఎస్‌లో ఎముక రెండు విరుద్ధమైన పనులు చేస్తుంది. వెన్నుపూసల బయట కొత్త ఎముక పుడుతుంది, లోపల ఉన్న ఎముక గుల్లబారుతుంది. 30 ఏళ్ల కుర్రాడిక్కూడా ఆస్టియోపోరోసిస్ ఉండొచ్చు. బయటికి బిగుతుగా, బలంగా అనిపించే వెన్ను లోపల పెళుసు. మామూలు వెన్నుకి దెబ్బ తగిలితే పూసల మధ్య డిస్కులు ఆ దెబ్బని పంచుకుంటాయి. అతుక్కుపోయిన వెన్నులో ఆ పంపకం ఉండదు, మొత్తం బలం ఒకేచోట పడి పొడవాటి ఎముక విరిగినట్టు అడ్డంగా విరుగుతుంది. ఎక్కువగా మెడ కింది భాగంలో. లోపల వెన్నుపాము ఉంది కాబట్టి కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. బాత్రూములో కాలు జారి కూలబడినా చాలు, పెద్ద యాక్సిడెంట్ అక్కర్లేదు.

అలాంటి వెన్నుని మన దగ్గర ఎవరెవరి చేతుల్లో పెడుతున్నామో ఆలోచించండి. క్షవరం అయ్యాక తల పట్టుకుని అటోసారి ఇటోసారి ఠక్కుమని మెడ విరుస్తారు. ఆ శబ్దం వస్తేనే డబ్బులు గిట్టినట్టు. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తొక్కించుకుంటే పోతుందని ఎన్నో ఊళ్లలో నమ్మకం. తాతయ్యలు బోర్లా పడుకుని మనవళ్లని వీపు మీద నడిపించుకుంటారు. ఒకాయన కాళ్లు పట్టుకుని ఇంకొకాయన చంకల కింద చేతులు వేసి లాగి 'నరం సర్దేస్తారు'. ఇప్పుడు ఫోన్లలో ఇంకో రకం చూస్తున్నాం. తలకి టవల్ చుట్టి ఒక్క గుంజు గుంజితే వెన్నంతా టపటపా మోగే వీడియోలు. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళ పార్లర్‌లో తల వెనక్కి వంచి జుట్టు కడిగించుకుంటుంటే స్ట్రోక్ వచ్చిందని పేపర్లలో చదివే ఉంటారు. ఆవిడకి ఏఎస్ ఉందని కాదు నేను చెప్పేది. మామూలు మెడకే అంత జాగ్రత్త కావాలంటే, కదలిక పోయిన మెడకి ఎంత కావాలో చూడండి.

ఇందాక చెప్పిన మార్గదర్శకాలే ఈ విషయంలో చాలా గట్టిగా మాట్లాడాయి. వెన్ను అతుక్కున్న వాళ్లకి, ఎముక బాగా గుల్లబారిన వాళ్లకి వెన్నుని విరిచే, తిప్పే చికిత్స చేయవద్దని. నేను ఇంకో అడుగు ముందుకేసి, ఏఎస్ అని తేలిన ఎవరికీ వద్దంటాను. "నాకింకా అతుక్కోలేదు మేడమ్" అంటారు. ఎప్పటి ఎక్స్‌రే చూసి చెబుతున్నారు? నడుంకి తీశారు, మెడకి తీశారా? మెడ పైభాగంలో మొదటి రెండు పూసల మధ్య పట్టు సడలే ప్రమాదం కూడా ఈ జబ్బులో ఉంది. దానికి బయటికి గుర్తేమీ ఉండకపోవచ్చు. కాబట్టి సెలూన్‌లో కుర్చీ ఎక్కగానే "మెడ విరవొద్దు" అని ముందే చెప్పేయండి. తలకి నూనె పెట్టించుకోండి, భుజాలు రాయించుకోండి, అంతే.

పొరపాటున పడితే, చిన్న దెబ్బే అయినా ఆ తర్వాత మెడలోనో వీపులోనో కొత్త రకం నొప్పి మొదలైతే, ఎముక విరగలేదని తేలేదాకా విరిగినట్టే భావించాలి. ఆ నొప్పికి మర్దన చేయకూడదు, కాపడం పెట్టి చూద్దాం అనకూడదు. మామూలు ఎక్స్‌రేలో కనబడలేదని ఊరుకోకుండా సీటీ గానీ ఎంఆర్ఐ గానీ తీయమని అడగండి. ఇంకో ముఖ్యమైన సంగతి, దీన్ని ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. మెడ ముందుకి వంగిపోయి ఉన్న మనిషి కింద పడితే, ఆ మెడని నిటారుగా చేసి పడుకోబెట్టాలని చూడకండి. ఎప్పుడూ ఎలా వంగి ఉండేదో అలాగే ఉండేట్టు తల కింద దిండ్లు పెట్టండి. అంబులెన్స్‌లో కాలర్ బిగించబోతే "ఈయనకి ఏఎస్ ఉంది, మెడ ముందు నుంచీ ఇంతే" అని చెప్పండి. బలవంతంగా వెనక్కి వంచితే విరిగిన చోటు తెరుచుకుంటుంది.

ఇప్పుడు మంచి మర్దన ఎలా ఉండాలో చూద్దాం. విద్యార్థులు కాస్త ముందుకి రండి.

పేషెంటు రాగానే బోర్లా పడుకోమనకండి. మెడ పక్కకి తిరగని మనిషి బోర్లా పడుకుంటే ముక్కు ఎక్కడ పెట్టుకుంటాడు? ముఖానికి రంధ్రం ఉన్న మసాజ్ బల్ల ఉన్నా, వీపు గూని ఉన్నవాళ్లకి మెడ మీద భారం పడుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద తగినంత ఎత్తు దిండు, మోకాళ్ల మధ్య ఇంకో దిండు పెట్టండి. లేదా కుర్చీలో కూర్చోబెట్టి ముందు బల్ల మీద దిండ్లు వేసి దాని మీదకి వాలమనండి. వీపంతా మీ చేతికి అందుతుంది, ఆయనకి మెడ మీద ఒత్తిడి ఉండదు. ఏఎస్‌లో తుంటి కీళ్లు కూడా పాడవుతాయి, చిన్న వయసులోనే తుంటి మార్పిడి అయినవాళ్లు మీ దగ్గరికి వస్తారు. కాలు అటూ ఇటూ తిప్పేముందు ఆపరేషన్ సంగతి అడగండి.

బొటనవేలికి గట్టిగా తగిలిందల్లా కండరం ముడి కాదు. ముదిరిన ఏఎస్‌లో వెన్ను పక్క కండరాలు కరిగిపోతాయి. అప్పుడు మీ వేలికి తగిలేది ఎముకగా మారిన స్నాయువు. దాన్ని ముడి అనుకుని మోచేత్తో పొడిస్తే పేషెంటుకి నరకం, లాభం సున్నా. వెన్ను మధ్య గీత మీద, పూసల ముళ్ల మీద అసలు బరువు పెట్టొద్దు. దాని పక్కన కండరం ఉన్నంత మేరే, అరచేతితో, నిదానంగా చేయండి. వీపు కన్నా పిర్రలు, తొడ వెనక, పిక్కలు, ఛాతీ పైభాగం, భుజాల దగ్గర ఎక్కువ సమయం గడపండి. చాలామందికి వీపు నొప్పి అని వచ్చినా, ఊరట దొరికేది ఛాతీ, తుంటి ముందుభాగం వదులైనప్పుడే.

స్నాయువు ఎముకకి అతికే చోట్లు ఈ జబ్బుకి సొంత ఇల్లు. మడమ వెనక, అరికాలులో మడమ ముందు, తుంటి ఎముక అంచు, కూర్చునే ఎముక, ఛాతీ మధ్య ఎముకకి పక్కటెముకలు కలిసే చోటు. అక్కడ నొప్పి ఉంటే రుద్దకండి, ఇంకా రేగుతుంది. ఆ కండరం మధ్య భాగంలో చేసి ఆపేయండి. మొదటిసారి పదిహేను ఇరవై నిమిషాలు చాలు. మర్నాడు ఫోన్ చేసి అడగండి, పొద్దున బిగుతు ఎలా ఉందని. ఎప్పటికన్నా ఎక్కువసేపు ఉందంటే ఒత్తిడి ఎక్కువైందని అర్థం. నొప్పి భరిస్తేనే గుణం అనే మాట ఈ జబ్బులో చెల్లదు.

జబ్బు రేగిన రోజుల్లో, అంటే రాత్రంతా నిద్ర లేకుండా ఒళ్లు పచ్చిపుండులా ఉన్నప్పుడు, లోతైన మర్దన వద్దు. వేడినీళ్ల స్నానం, మెల్లగా నడక, మందు. జ్వరం ఉంటే అసలే వద్దు. బయాలజికల్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లు జ్వరం వస్తే మసాజ్ గురించి కాదు, ఇన్ఫెక్షన్ గురించి ఆలోచించాలి, వెంటనే డాక్టరుకి చెప్పాలి. ఆ ఇంజెక్షన్ వేసుకున్న చోట రుద్దకూడదు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డ అయ్యుండొచ్చు, దాన్ని పిసకకూడదు. కాళ్లలో కొత్తగా తిమ్మిరి, బలహీనత, మూత్రం మీద పట్టు తప్పడం కనబడితే నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

కన్ను గురించి విడిగా చెబుతాను. ఏఎస్ ఉన్నవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు యువియైటిస్, అంటే కంటి లోపలి పొరలో వాపు వస్తుంది. ఒక కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుతురు చూడలేకపోతారు. కళ్లకలక అనుకుని మెడికల్ షాపులో చుక్కల మందు కొనుక్కుంటారు. అది చూపుకే ప్రమాదం, అదే రోజు కంటి డాక్టరుకి చూపించాలి. అలాంటప్పుడు ముఖం కిందికి పెట్టి చేయించుకునే మసాజ్ కుదరదు.

నూనె మాటకొస్తే, మనం నూనె మర్దన మధ్య పుట్టి పెరిగినవాళ్లం. పసిపిల్లకి నూనె రాసి కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం చేయిస్తాం, దీపావళికి తలంటు పోసుకుంటాం. ఆ స్పర్శ మీద మనకి నమ్మకం ఉండటం సహజం, మంచిదే కూడా. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి రాయండి, చెయ్యి జారడానికి, చర్మానికి బాగుంటుంది. ఏ నూనె అయినా ఇంకి వెన్నులోకి వెళ్లి వాపు తీసేస్తుందని మాత్రం అనుకోకండి. ఆయుర్వేదం పేరు చెప్పి అందరికీ అన్ని రోజుల్లో నూనె పట్టించేవాళ్లకి ఒక మాట గుర్తుచేయాలి. ఆమవాతం అని ఆయుర్వేదం చెప్పే కీళ్ల జబ్బులో, ఆమం, అంటే సరిగా అరగక ఒంట్లో పేరుకున్నదని ఆ శాస్త్రం చెప్పే పదార్థం ఉన్న దశలో నూనె వద్దని, ఇసుక మూటతో పొడి కాపడం పెట్టమని ఆ శాస్త్రమే అంటుంది. ఆమవాతం, ఏఎస్ ఒకటే అని నేను అనడం లేదు. ఏ దశలో ఏది చేయాలన్న వివేకం మన పాత వైద్యంలోనూ ఉంది, దాన్ని వదిలేసి నూనె ఒక్కటే పట్టుకున్నాం. మసాజ్ చేసేవాళ్లు పొట్లాల్లో పేరు లేని పొడులు ఇస్తే తీసుకోవద్దు. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలుపుతున్నట్టు మన దేశంలో చాలాసార్లు బయటపడింది. మూడు రోజుల్లో ఒళ్లు తేలికైతే అది పొడి మహిమ కాకపోవచ్చు, గుల్లబారిన ఎముకని ఇంకా గుల్ల చేసే మందు కావచ్చు.

ఇక మీ ప్రశ్నలు.

ఒక తల్లి: మా అబ్బాయికి 23 ఏళ్లండీ. మసాజ్‌తో బాగానే ఉంది, ఇంజెక్షన్ ఆపేస్తానంటున్నాడు.

మసాజ్‌తో బాగుందా, ఇంజెక్షన్ వల్ల బాగుండి మసాజ్ ఒంటికి పడుతోందా, అది చూడాలమ్మా. ఇంజెక్షన్ వాపుని అణిచి ఉంచబట్టే మర్దన హాయిగా ఉంటోంది. చాలామందిలో మందు ఆపిన కొన్ని నెలలకి జబ్బు మళ్లీ రేగుతుంది. ఖర్చు ఇబ్బందిగా ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుతో చెప్పండి. మన దేశంలోనే తయారయ్యే బయోసిమిలర్లు, అంటే ఆ ఇంజెక్షన్లని పోలినట్టు చేసే మందులు ఉన్నాయి, 2014 నుంచి అడాలిముమాబ్ అనే టీఎన్ఎఫ్ ఇంజెక్షన్ కూడా అలా దొరుకుతోంది. డోసుల మధ్య గడువు పెంచొచ్చేమో ఆయనే చూస్తారు. బాబూ, నువ్వూ ఇక్కడే ఉన్నావు కదా? మసాజ్ మానొద్దు. నీ అంతట నువ్వు ఇంజెక్షన్ మాత్రం మానకు.

ఒక యువకుడు: మసాజ్ గన్ కొన్నాను, వాడొచ్చా?

తొడలకి, పిర్రలకి, పిక్కలకి తక్కువ స్పీడులో ఒకటి రెండు నిమిషాలు వాడు. వెన్ను మీద, మెడ మీద, పక్కటెముకల మీద, మడమ మీద పెట్టొద్దు. మాల్స్‌లో ఉండే మసాజ్ కుర్చీలు కూడా వద్దు. వాటి రోలర్లు వంగే వెన్ను కోసం చేసినవి, నీ వెన్ను వంపు ఎలా ఉందో వాటికి తెలియదు.

ఒక గృహిణి: మా ఆయనకి నేనే ఇంట్లో చేయొచ్చాండీ? పడుకునేముందు అడుగుతుంటారు.

తప్పకుండా చేయొచ్చమ్మా. నేను సంతోషించేది కూడా అలా ఇంట్లోవాళ్లు చేస్తేనే. ఏసీ కాసేపు ఆపేయండి, చల్లటి గదిలో కండరం వదలదు. ఆయన్ని పక్కకి తిరిగి పడుకోమనండి, మోకాళ్ల మధ్య దిండు పెట్టండి. పిర్ర దగ్గర మొదలుపెట్టి తొడ వెనక మీదుగా పిక్క దాకా అరచేతితో రాయండి, మీ ఒంటి బరువు మొత్తం వేయకండి. ఒక్కో వైపు పది నిమిషాలు చాలు. తర్వాత వెల్లకిలా తిప్పి, భుజం నుంచి ఛాతీ వైపు మెల్లగా రాయండి. చేస్తున్నంతసేపూ ఆయన మాట్లాడుతూనే ఉండాలి, నొప్పి అంటే చెయ్యి తీసేయాలి. మెడని ఎత్తడం, తిప్పడం చేయకండి. అయిపోగానే పది లోతైన శ్వాసలు, రెండు స్ట్రెచ్‌లు చేయించి అప్పుడు పడుకోనివ్వండి. ఆయన మెడ ఎక్స్‌రేలు ఉన్నాయా? లేకపోతే రుమటాలజిస్టుని అడిగి తీయించుకుని ఒకసారి తీసుకురండి. అది చూశాక మెడా భుజాల దగ్గర ఎంతవరకు చేయొచ్చో మీ చేత చేయించి చూపిస్తాను.